నాలుగింటిదాకా ఆ గది మాదే

ఇప్పటికీ మధ్యాహ్నం అన్నం తిని కాస్త నడుం వాలిస్తే చాలు, కళ్ళు మూతపడీ పడకముందే నేను ఆ హోటలు వరండాలో నడుస్తుంటాను. అటూ ఇటూ తలుపులు. చేతిలో ఉతికి మడిచిన దుప్పట్లు, ఎండ వాసన వేస్తూ. ఏ గదిలోనూ ఎవరూ ఉండరు. గోడల అవతల ఎక్కడో మగ్గం ఆడుతుంటుంది. నేను ఒక్కో తలుపు తట్టి, "పన్నెండయింది" అని చెప్పుకుంటూ పోతాను. ఒక్క తలుపు మాత్రం తట్టను. ఎందుకు తట్టనో చెబుదామనే ఇది రాస్తున్నాను.

నేను చదివింది మూడో తరగతి. రాసింది ముందు మనవరాలు చూస్తుంది. అక్షరాలు దిద్దమన్నాను గానీ మాటలు మార్చొద్దని గట్టిగా చెప్పాను. నిజానికి మొదలుపెట్టింది కూడా తనే. మొన్న ఫోను తెచ్చి, "అవ్వా, రెండు హోటళ్ళోళ్ళు కార్డులిస్తామంటాండారు. దీంట్లో పాయింట్లు ఎక్కువ, దాంట్లో టిఫిను ఊరికే. ఏది తీసుకోవల్ల? నువ్వు హోటల్లో చేసినావు కదా" అని అడిగింది. తను ఉద్యోగం మీద నెలకు రెండు మూడు ఊర్లు తిరుగుతుంది. జవాబు నోటితో చెప్పకుండా ఈ కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. నాలాంటిది నోటితో చెప్పకపోవడం మా ఇంట్లో వింతే.

ధర్మవరంలో నేను పనిచేసిన చోటు మొదట వట్టి లాడ్జి. పట్టు చీరలు కొనడానికి వచ్చే వ్యాపారులు దిగేవాళ్ళు. బత్తలపల్లి నుంచి పొద్దున బస్సెక్కి వచ్చి గదులు ఊడ్చి, పక్కలు వేసి, సాయంత్రం బస్సుకు పోయేదాన్ని. తరువాత ఒక కంపెనీ వాళ్ళు దాన్ని తీసుకుని అద్దాలు పెట్టి, లిఫ్టు పెట్టి, హోటలని పేరు మార్చారు. నన్ను తీసెయ్యకుండా గదుల పనివాళ్ళ మీద పెద్దగా పెట్టారు. అందరూ అవ్వా అనేవాళ్ళు, నా వెనక వేరే ఏదో అనేవాళ్ళు. అననీ. సబ్బు ముక్కలు పారేయనిచ్చేదాన్ని కాదు. అరిగిన తువ్వాళ్ళను నాలుగుగా చింపి గచ్చు తుడిచే గుడ్డలు చేయించేదాన్ని. ఇక పన్నెండు గంటలంటే పన్నెండు గంటలే. ఒకసారి పెళ్ళికొడుకు తండ్రి పంచె కట్టుకుంటూ ఉంటే కూడా పన్నెండూ అయిదుకు బయట నిలబెట్టాను. ఆయన పంచె వరండాలోనే కట్టుకున్నాడు.

కంపెనీ వచ్చాక కార్డులు వచ్చాయి. మాటిమాటికీ వచ్చి దిగే వాళ్ళకు మొదట నీలం రంగు కార్డు, మరీ ఎక్కువసార్లు వస్తే బంగారు రంగుది. దిగినప్పుడల్లా పాయింట్లు పడతాయి. అవి నిండితే ఒక రాత్రి గది ఊరికే. దాంతో పాటు మర్యాదలు: రాగానే ఒక గ్లాసు రంగు నీళ్ళు, ఖాళీ ఉంటే పైఅంతస్తులో పెద్ద గది, ఒక పూట టిఫిను, పన్నెండుకు బదులు నాలుగింటికి ఖాళీ చేసే వీలు.

ఈ మర్యాదలన్నిటినీ నేను నా బుద్ధితో తూకం వేసి పెట్టుకున్నాను. రంగు నీళ్ళు చక్కెర దండగ. పైఅంతస్తు గది, కరెంటు పోతే మెట్లెక్కే వాళ్ళకు తెలుస్తుంది దాని గొప్ప. టిఫిను పర్వాలేదు గానీ పొద్దున్నే చీరల బేరానికి పరుగెత్తేవాడు ఎక్కడ కూర్చుని తింటాడు? నాలుగింటిదాకా గది అనేది సోమరిపోతులకు. నా లెక్కలో విలువైనది ఒక్కటే, ఊరికే ఇచ్చే రాత్రి. మిగతావాటి జోలికి పోకుండా దానికోసం కూడబెట్టుకున్నవాడే తెలివైనవాడని అనుకునేదాన్ని. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ అదే చెప్పేదాన్ని.

అడిగిన వాళ్ళలో ఒకామె అమరాపురం నుంచి వచ్చేది. నడివయసు మనిషి, సొంతంగా చిన్న చీరల అంగడి. హిందూపురం దాకా బస్సు, అక్కడ నుంచి రైలు. నెలకు రెండుసార్లయినా వచ్చేది. ఒంటరి ఆడమనిషని నేను ఆమెకు ఎప్పుడూ కింది అంతస్తులో, మా దుప్పట్ల గది పక్కనే గది ఇప్పించేదాన్ని. సాయంత్రం బేరాలు ముగించుకుని వచ్చి, నేను బస్సుకు పోయేలోపల నాతో కాసేపు కూర్చునేది. అట్లా కూర్చున్నప్పుడే తల్లి సంగతి చెప్పింది.

తల్లి పుట్టింది ధర్మవరంలోనే, నేతగాళ్ళ వీధిలో. పెళ్ళయి అమరాపురం పోయింది. తండ్రి పోయాడు, అన్నదమ్ములు ఇల్లు అమ్మి తలా ఒక దిక్కు వెళ్ళారు. ఇప్పుడు ఈ ఊర్లో ఆమెకు కాళ్ళు కడుక్కునే గడప లేదు. ఈ మధ్య ఒక చెవి పూర్తిగా పోయింది. రెండోది కూడా మెల్లగా పోతుందని హిందూపురంలో డాక్టరు చెప్పాడట. అప్పటినుంచి పెద్దామె ఒకటే మాట: మగ్గం శబ్దం వింటూ ఒక్కసారి నిద్రపోవాలి. చిన్నప్పుడు గోడకు అవతల నాయన నేసేవాడు, ఇవతల ఈమె పడుకునేది.

"పిల్చుకొని రా మరి. ఇంత దూరమేం కాదు కదా" అన్నాను.

"రాదవ్వా. పుట్టినూర్లో దుడ్లిచ్చి పండుకునేదా, నాకేం కర్మ అంటాది. నేను కట్టి కట్టలేదని చెప్పినా, కౌంటరు కాడ అడిగి తెలుసుకునే రకం. అందుకే కార్డులో ఊరికే వచ్చే రాత్రి కోసం చూస్తాండా. ఒక రాత్రికి నిండినాయంట. శివరాత్రి దాటినాక పిల్చుకొని వస్తా."

అప్పుడు నేను నోరు మూసుకుని ఉండాల్సింది.

"ఒక్క రాత్రికి ఆమెను అంతదూరం తిప్పుతావా? రాను ఒక పూట, పోను ఒక పూట. ఇంకో రెండు నెలలు ఓపిక పట్టు, రెండు రాత్రులు వస్తాయి. చేతిలో ఉండేదాన్ని ముక్కలు ముక్కలు చేసుకోవద్దు" అన్నాను.

ఆమె నా మాట విన్నది. నా మాట వినేవాళ్ళంటే నాకు ఇష్టం కూడా.

ఎండాకాలం వచ్చింది. పెళ్ళిళ్ళు ముమ్మరంగా ఉన్న రోజులు. ఒక మధ్యాహ్నం తువ్వాళ్ళ బండి తోసుకుంటూ ముందు హాల్లోకి వస్తే కౌంటరు దగ్గర అమరాపురం ఆమె, పక్కన తల్లి. సన్నగా, నిటారుగా, చేతిలో గుడ్డసంచి. చెవి వినబడే వైపు కౌంటరుకు తిప్పి నిలబడి ఉంది. కౌంటరులో కూర్చునే పాప కంప్యూటరు చూసి తల ఎత్తడం లేదు.

"పాత పాయింట్లు సున్నా చూపిస్తాండాదక్కా, కొత్తగా పడినవి ఒక రాత్రికి కూడా చాలవు. మార్చి ఆఖరుకు వాడుకోకపోతే పోతాయి. మీ ఫోనుకు మెసేజి కూడా వచ్చింటాది."

"అవి ఇంగ్లీషులో వస్తాయి పాపా. రోజుకు ఇరవై వస్తాయి. యాడ చూసేది?"

తువ్వాళ్ళ బండి పట్టుకుని నేను అక్కడే ఆగిపోయాను. కార్డు వెనక చీమ కాళ్ళంత అక్షరాలు ఉంటాయని నాకు తెలుసు. అవి ఏమంటున్నాయో ఒక్కసారైనా ఎవరినైనా అడిగి ఉండాలి కదా. దుప్పటి అంచు వేలెడు జారితే పట్టుకునేదాన్ని, ఆ అక్షరాలు ఎట్లా వదిలేశాను?

"ఏమంటాండాది ఆ పాప?" అంది పెద్దామె.

కూతురు కార్డును అటూ ఇటూ తిప్పి చూస్తోంది.

"దుడ్లు కట్టల్లంటనా? అట్లయితే రైలు ఎన్నింటికుండాదో కనుక్కో."

కూతురు నావైపు చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. మామూలుగా చూసింది. బండి గోడకు ఆనించి నేరుగా మేనేజరు గదిలోకి పోయాను. ఆయన చిన్నవాడు, పెనుకొండ మనిషి, మంచివాడే.

"సార్, పనోళ్ళకు సంవత్సరానికి ఒక రాత్రి గది ఇస్తామని కాగితంలో రాసినారు కదా. నేనెప్పుడూ వాడుకోలేదు. కంపెనీ వచ్చి ఏడేళ్ళయింది. ఏడు రాత్రులు నావి. దాంట్లో రెండు ఇప్పుడు ఇయ్యండి."

ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. "అవ్వా, అవి కూడబెట్టుకునేవి కాదు. ఏ సంవత్సరానిది ఆ సంవత్సరమే. ఆరు రాత్రులు మురిగిపోయినాయి."

ఇక్కడికి పన్నెండు కిలోమీటర్ల దూరంలో నాకు ఇల్లుండగా ఈడ పడుకోవడం ఏమిటని దాచిపెట్టుకున్నాను. ఎప్పుడైనా పనికొస్తాయి అనుకున్నాను. ఆమెకు నేను చెప్పిన తెలివే నేనూ ఏడేళ్ళుగా చేస్తున్నానన్నమాట.

"ఈ సంవత్సరంది?"

"అది ఉండాది. ఇద్దర్ని తోడు పెట్టుకోవచ్చు. కానీ మీరు కూడా ఆ గదిలో ఉండాలి, అది రూలు. ఇంకోటి, వెనక పక్క గదే ఇస్తారు. మగ్గం మోతని దాంట్లో ఎవరూ దిగరు కదా, ఈ పెళ్ళిళ్ళలో కూడా అదొక్కటే మిగిలింది."

ఆ మాట విని నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వెనక గది గోడకు ఆనుకునే ఒక నేత ఇల్లు ఉంది. చుట్టుపక్కల అన్నీ మరమగ్గాలు అయిపోయినా అతను మాత్రం చేతి మగ్గమే నేసేవాడు. ఆ మోత మీద వ్యాపారులు నాకు చేసిన ఫిర్యాదులు లెక్కలేవు.

బయటికి వచ్చి పెద్దామె చెవి దగ్గర గట్టిగా చెప్పాను. "అక్కా, నా గదికి రా."

"నీ గదేంది? నువ్వెవరు?"

"ఈడ పని చేస్తాండా. నాకని ఒక గది ఇచ్చినారు. నా ఇంటి కిందే లెక్క. నేను పిలుస్తాండా, నువ్వు వస్తాండావు. ఎవరికీ ఒక రూపాయి కట్టే పని లేదు."

ఆమె కౌంటరు పాపను చూసి, "నిజమేనా?" అంది. పాప తల ఊపింది. అప్పుడు గానీ గుడ్డసంచి నా చేతికి ఇవ్వలేదు.

గదిలోకి పోయాక పెద్దామె మంచం మీద కూర్చోలేదు. గోడ దగ్గరికి పోయి అరచెయ్యి ఆనించి నిలబడింది. 

"ఏదీ, ఆడలేదే?"

నిజమే. మగ్గం ఆగి ఉంది. ఏ రోజూ ఆగని మగ్గం. వెనక సందులోంచి నేతగాడి ఇంటికి పోయాను. అతనూ భార్యా మగ్గం ముందు వంగి కూర్చుని ఉన్నారు. పాత పడుగు, అదే మగ్గం మీది నిలువు పోగులు, అయిపోయింది. కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే తీసి పాత పోగుల కొసలకు వేలితో మెలిపెట్టి అతుకుతున్నారు. వేల పోగులు, అన్నీ అతికితే గానీ మగ్గం ఆడదు.

"ఏమప్పా, ఎప్పుడు ఆడుతాది?"

"ఎప్పుడూ మోత తగ్గించమని తిట్టేదానివి, ఈపొద్దు ఆడించమంటాండావు, బాగుండావా అక్కా?"

"ఎగతాళి తర్వాత చేద్దువు. ఎప్పుడు?"

"రేపు మధ్యాహ్నం మించుతాది. రెండో, రెండున్నరో."

కానీ రేపు పన్నెండుకే గది ఖాళీ చేయాలి. గదికి వచ్చి పెద్దామెతో, రేపు ఆ నేతగాడి ఇంట్లోనే కూర్చుని విందువు రా, మంచి మనుషులే అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"మంది ఇంట్లో నిలబడి వినేదానికి అంగట్లో సరుకా అది? గోడకవతల ఆడల్ల, నేను ఇవతల పండుకోవల్ల. లేదంటే గమ్మున పోదాం."

మొండిమనిషి. నాకు నచ్చింది.

ఆ రాత్రి గడిచింది. నేను కింద చాప వేసుకుంటానంటే పెద్దామె ఒప్పుకోలేదు, నీ ఇంట్లో నువ్వు కింద పండుకుంటావా అని కసిరింది. ఇరవై రెండేళ్ళు పరుపులు సర్దినదాన్ని, ఆ రాత్రిదాకా ఒక్కసారి కూడా వాటిమీద వెన్ను ఆన్చలేదు. తెల్లవారి వెలుతురులో కళ్ళు తెరిచి పైకి చూస్తే ఫ్యాను గిన్నె పైన ఇంత సాలెగూడు. నిలబడి పనిచేసేవాళ్ళకు అది కనబడదు. పడుకున్నవాళ్ళందరికీ ఇన్నేళ్ళూ కనబడుతూనే ఉండింది. ఎవరూ చెప్పలేదు. చెప్పాలంటే నాతో చెప్పాలి కదా, భయపడి ఉంటారు.

పొద్దుటి నుంచి ముగ్గురం కూర్చున్నాం. పెద్దామె వాళ్ళ వీధి గురించి చెప్పింది. పట్టు పోగులకు రంగులద్దే చోట మురుగుకాలువ ఒకరోజు పసుపుగా, ఒకరోజు ఎర్రగా పారేదట. ఏ రోజు ఏ రంగు పారుతుందో చూసి ఎవరింట్లో పెళ్ళి దగ్గర పడిందో చెప్పేవాళ్ళట. మాట్లాడుతూ మధ్యలో ఆగి గోడ మీద చెయ్యి పెట్టి చూసేది. మళ్ళీ తీసేసేది. కిటికీ ఎండ మంచం మీద నుంచి గచ్చు మీదికి జారింది. నాకు ఆ ఎండ జారడమే గడియారంలా అనిపించింది.

పన్నెండు గంటలకు తలుపు మీద మూడు దెబ్బలు.

ఆ దెబ్బలు నాకు బాగా తెలుసు. నేను నేర్పినవే. నా కింద పనిచేసే ఆమె, వచ్చిన కొత్తలో మెల్లగా తడుతుంటే, లోపల నిద్రపోయేవాడు లేవాలంటే ఇట్లా కొట్టాలని నేనే చూపించాను.

"పన్నెండయింది. ఖాళీ చేయల్ల."

తలుపు తీశాను. ఆమె నన్ను చూసి బిత్తరపోయింది.

"అవ్వా, నువ్వా? మరి... పెళ్ళోళ్ళు ఈ గదైనా చాలని ముందు హాల్లో కూర్చోనుండారు. నువ్వే చెప్తావు కదా, ఎవరైనా సరే పన్నెండంటే పన్నెండని."

"చెప్పినా. కాసేపు ఆగు."

"ఎంతసేపు? ఏమని చెప్పల్ల?"

మళ్ళీ మేనేజరు దగ్గరికి పోయాను. ఇరవై రెండేళ్ళలో ఎవరికోసమూ అడగనిది అడిగాను. ఆయన ఇబ్బంది పడ్డాడు.

"పనోళ్ళ గదికి పన్నెండేనవ్వా. నాలుగింటిదాకా ఇచ్చేది బంగారు కార్డు వాళ్ళకు మాత్రమే. నేను ఇస్తే పైవాళ్ళు అడుగుతారు. పెళ్ళివాళ్ళు కూడా కూర్చోనుండారు."

బయట కౌంటరులో పాప అంతా వింటూనే ఉంది. "సార్, అమరాపురం అక్కది బంగారు కార్డే కదా? పాయింట్లు పోయినాయి గానీ కార్డు రంగు పోలేదు. అది ఇంకో సంవత్సరం ఉంటాది. ఆ అక్క కూడా ఆ గదిలోనే ఉండాది. ఆ కార్డు నంబరు ఈ గదికి వేసేస్తే?"

మేనేజరు నన్ను చూశాడు. "అవ్వా, ఆలస్యంగా ఖాళీ చేసేది సోమరిపోతుల మర్యాద అని మీరే కదా అంటాంటిరి?"

"అంటాంటి. వెయ్యండి సార్."

వేశారు. పెళ్ళివాళ్ళకు పాప రంగు నీళ్ళు ఇచ్చి కూర్చోబెట్టింది. ఆ రంగు నీళ్ళకు కూడా ఒక విలువ ఉందని ఆరోజే ఒప్పుకున్నాను.

గదిలోకి తిరిగి వచ్చి పెద్దామెతో, "నాలుగింటిదాకా ఈ గది మనదే, పండుకో" అన్నాను. ఆమె గోడవైపు తిరిగి, వినబడే చెవి పైకి పెట్టి పడుకుంది. కూతురు కాళ్ళ దగ్గర కూర్చుంది. నేను కుర్చీలో. రెండయింది. గోడ అవతల మనుషుల మాటలు, పీట జరిపిన చప్పుడు. తరువాత ఒక్క దెబ్బ. ఆగింది. ఇంకోటి. మళ్ళీ ఆగింది. ఏదో పోగు సరిచేసినట్లుంది. ఆ తరువాత మొదలైంది, ఎండలో ఎవరో తీరిగ్గా నడుస్తున్నట్లు, ఆగకుండా.

పెద్దామె కళ్ళు తెరవలేదు. అరచెయ్యి మాత్రం గోడకు ఆనించింది. కాసేపటికి ఆ చెయ్యి మెల్లగా జారి దుప్పటి మీద పడింది. నిద్రపట్టింది. నిద్రలో ఆమె పాదాలు కదలడం మొదలుపెట్టాయి. ఒకటి కిందికి, ఒకటి పైకి. మగ్గం గుంతలో కూర్చుని కాలిచెక్కలు తొక్కుతున్నట్లు. అవతల అతను తొక్కుతున్నాడు, ఇవతల ఈమె తొక్కుతోంది. కూతురు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పొద్దున నేను బిగించి సర్దిన దుప్పటి కాళ్ళ దగ్గర ఊడిపోయి, ముడతలు పడి, కొస మంచం దిగి వేలాడింది. నా చెయ్యి ఒకసారి ముందుకు పోయింది. వెనక్కి తీసుకున్నాను.

మూడున్నరకు తనంతట తనే లేచింది. ముఖం కడుక్కుంది. "బాగా నిద్రొచ్చింది" అన్నది, అంతే. గుమ్మం దగ్గర ఆగి, మళ్ళీ ఎప్పుడు పిలుస్తావని అడిగింది. పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల పోతూ పోతూ అడిగినట్లే అడిగింది. వచ్చే సంవత్సరం అన్నాను. ఏ సంవత్సరానిది ఆ సంవత్సరమే వాడుకోవాలని అప్పటికి నాకు తెలిసింది కదా.

అందుకని అమ్మాయీ, ఏ కార్డు తీసుకుంటావో నీ ఇష్టం. వెనక ఉన్న చిన్న అక్షరాలు చదువు. ఇచ్చిందాన్ని దాచిపెట్టుకోవద్దు. ఇది నేను చెబుతున్న మాటేనా అని నీకు అనుమానం వస్తుంది, నేనే చెబుతున్నాను.

వాళ్ళను రైలుకని ఆటో ఎక్కించి గదికి తిరిగి వచ్చేసరికి నా కింద పనిచేసే ఆమె కొత్త దుప్పట్లు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. గోడ అవతల మగ్గం ఆడుతూనే ఉంది. నేను మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాను. దుప్పటి మీద కాళ్ళ దగ్గర ముడతలు అట్లాగే ఉన్నాయి.

"అవ్వా, దుప్పటి తీసేసేదా? వాళ్ళు పోయినారు కదా, పెళ్ళోళ్ళు చూస్తాండారు."

గోడ గడియారం చూశాను.

"నాలుగయ్యేదానికి ఇంకా పది నిమిషాలుండాయి. ఉండనీ" అన్నాను.